పెగాసస్ వంతెన దగ్గర ఓడిపోయాను: తప్పు పాచికలదా, నాదా?

కొత్త సేనాని:
అందరికీ నమస్కారం. గత ఆదివారం భోజనాలయ్యాక, కూకట్‌పల్లిలో ఉండే నా చిన్ననాటి మిత్రుడి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, రెండో ప్రపంచ యుద్ధం గురించిన బల్ల ఆట మెమ్వార్ '44 పటం పరిచి, అందులో మొదటి ఘట్టమైన పెగాసస్ వంతెన (ఫ్రాన్సులోనిది) పోరు ఆడాము. అతనికి బ్రిటిష్ దళాలు, నాకు జర్మన్ దళాలు వచ్చాయి. యుద్ధపు ఆట ఆడడం ఇద్దరికీ ఇదే మొదటిసారి కనుక నిబంధనలు చదువుకోవడానికే చాలాసేపు పట్టింది. పాచికలు పడడం మొదలయ్యాక మాత్రం వాళ్లమ్మగారు పెట్టి వెళ్లిన టీ ఎప్పుడు చల్లారిపోయిందో కూడా చూసుకోలేదు.

ఎదుటి దళాన్ని పూర్తిగా తుడిచిపెడితే ఒక పతకం; ముందుగా 4 పతకాలు సంపాదించినవారిదే గెలుపు. ఇద్దరమూ చెరి 3 పతకాల దగ్గర ఉన్నప్పుడు, నా ఎడమ పక్కన శత్రువును ఆనుకుని నిలిచిన కాల్బలంలో 4 బొమ్మలకు ఒక్కటే మిగిలింది. దాన్ని వెనక్కి తీయాలని తోచింది గానీ, ఏ పక్క దళాలు కదలాలో చెప్పే ముక్కల్లో (పేకల్లో) నా చేతిలో ఉన్నవన్నీ కుడి పక్కవే. మిత్రుడు 3 పాచికలు వేశాడు, రెండింటి మీద కాల్బలం గుర్తు పడింది, అక్కడితో ఆట ముగిసింది. ఆ ఒక్క వేటు తప్పి ఉంటే తర్వాతి ఎత్తులో నేనే గెలిచేవాడినన్న బాధ ఇంకా పోలేదు. ఇది కేవలం పాచికల ఫలితమేనా, లేక నేను వేరేగా ఆడవలసి ఉందా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని అడుగుతున్నాను. ఎడమ పక్క ముక్కలను మొదటి ఎత్తుల్లోనే వాడేశాను, ముందుకు దూకుదామన్న ఆత్రంతో.

లెక్కల మాస్టారు:
ఆ చివరి వేటును దురదృష్టం అనుకోకండి. పాచికకు ఉన్న 6 ముఖాల్లో రెండింటి మీద కాల్బలం, ఒకదాని మీద ట్యాంకు, ఒకదాని మీద గ్రెనేడ్, ఒకదాని మీద జెండా, ఒకదాని మీద నక్షత్రం ఉంటాయి. కాల్బలాన్ని కొట్టేవి కాల్బలం గుర్తు, గ్రెనేడ్ గుర్తు, అంటే 6 ముఖాల్లో 3. ఒక్కో పాచికకు తగిలే అవకాశం సరిగ్గా సగం. 3 పాచికలూ తప్పిపోవాలంటే సగంలో సగంలో సగం, అంటే 8 సార్లలో ఒక్కసారి మాత్రమే. మిగిలిన 7 సార్లూ మీ బొమ్మ పోవలసిందే.

ఇప్పుడు అదే దళాన్ని ఒక ఎత్తు ముందే వెనక్కి తీసి ఉంటే ఏమయ్యేదో చూడండి. కాల్బలం పోరాడకుండా కదిలితే 2 గళ్లు పోవచ్చు. అప్పుడు శత్రువుకూ మీకూ మధ్య దూరం 3 గళ్లు అవుతుంది. అతని కాల్బలం ఒక గడి ముందుకు వచ్చి కొట్టినా దూరం ఇంకా 2 గళ్లు ఉంటుంది కనుక 3కు బదులు 2 పాచికలే వేయాలి. మీరు ఆగిన గడి అడవి అయితే ఇంకొకటి తగ్గి ఒక్క పాచికే మిగులుతుంది, అంటే బతికే అవకాశం సగానికి సగం. పైగా మిమ్మల్ని తరమడానికి అతను ఆ పక్క ముక్కను ఖర్చు పెట్టుకోవాలి, అది చేతిలో లేకపోతే రానే లేడు.

ఈ ఆటలో కొత్తవారు గమనించని నిబంధన ఇంకొకటి ఉంది. దళంలో ఎన్ని బొమ్మలు మిగిలాయన్నదాన్ని బట్టి పాచికల సంఖ్య తగ్గదు. ఒంటరి బొమ్మ కూడా పక్క గడిలోని శత్రువు మీద నిండు దళంలాగే 3 పాచికలు వేస్తుంది. అందుకే మీ చావుబతుకుల దళం మీకు ఇంకా పనికొచ్చే ఆయుధం, అతనికి చేతికందే పతకం. ఆ రెండు విలువలూ తూచి చూసుకోవాలి.

అరుగు మీది ఆట:
మాస్టారు గారి లెక్క సరైనదే. అయితే అసలు చిక్కు పాచికలు వేసేటప్పుడు మొదలు కాలేదు, ముక్కలు వాడేటప్పుడు మొదలైంది. మన పేకాటలో జోకరును మొదటి చేతిలోనే పారేసుకోనట్టే, పోరు జరుగుతున్న పక్కకు చెందిన ముక్క కనీసం ఒకటి చివరిదాకా దాచుకోవడం అలవాటు చేసుకోండి. చేతినిండా ఒకే పక్క ముక్కలు పేరుకుంటున్నాయని తెలియగానే రెకాన్ ముక్క ఉంటే ఆడండి. అది ఒక్క దళాన్నే కదిలిస్తుంది గానీ, కొత్త ముక్క తీసేటప్పుడు రెండు తీసి నచ్చినది ఉంచుకోనిస్తుంది. ఆ చిన్న వెసులుబాటు నన్ను ఎన్నోసార్లు గట్టెక్కించింది.

ఇక జర్మన్ పక్షం తక్కువ ముక్కలతో మొదలవడానికి చరిత్రలో కారణం ఉంది. 1944 జూన్ 6న, అర్ధరాత్రి దాటిన కాసేపటికే, బ్రిటిష్ మేజర్ జాన్ హోవర్డ్ దళం ఇంజను లేని హోర్సా గ్లైడర్లలో చీకట్లో దిగింది. మొత్తం 6 గ్లైడర్లలో 3 ఈ పెగాసస్ కాలువ వంతెనకు అతి దగ్గరగా వాలాయి, ఒకటి మాత్రం దారి తప్పి దూరంగా దిగింది. కాపలావారు తేరుకునేలోపే వంతెన చేజారింది. ఆ తత్తరపాటును పటం మీద చూపించడానికే మీ చేతిలో ముక్కలు తగ్గించారు. కాబట్టి ఈ ఘట్టంలో ఇద్దరికీ సమాన బలం ఉండదు.

మా ఊరి గుడి అరుగు మీద చెక్కిన పులిమేక గళ్ల దగ్గర పెరిగినవాడిని కనుక నాకు ఇది లోపంగా తోచదు. 3 పులులకూ 15 మేకలకూ సమానత్వం ఎక్కడిది? ఒకసారి పులులు పట్టినవాడు మరుసటి ఆటలో మేకలు పట్టేవాడు, అంతే. మీరూ పక్షాలు మార్చుకుని అదే ఘట్టం రెండోసారి ఆడి, రెండు ఆటల పతకాలనూ కలిపి చూడండి. ఎవరు బాగా ఆడారో అప్పుడు తెలుస్తుంది.

పాత పటాలు:
ఒక చిన్న మాట మాత్రం చేరుస్తాను. పాచికలను యుద్ధపు ఆటలోంచి తీసేయాలని కొందరు వాదిస్తుంటారు. 1824లో ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) సైన్యంలోని యువ అధికారి రైస్విట్జ్, తోటి అధికారుల శిక్షణకు తీర్చిదిద్దిన క్రీగ్‌స్పీల్ ఆటలోనూ పాచికలు ఉన్నాయి. రణరంగంలో ఏ ఆజ్ఞా అనుకున్నట్టే నెరవేరదన్న సంగతి సైనికులకే బాగా తెలుసు కదా. వేటు తప్పినా నిలదొక్కుకోగలిగేలా దళాలను నిలుపుకోవడమే ఆటగాడి పని అని నా అభిప్రాయం.

కొత్త సేనాని:
ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ జవాబులు చదివాక మిత్రుడికి ఫోన్ చేసి, ఆ చివరి ఎత్తు నాటికి బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు చేసుకుని పటం మీద మళ్లీ పేర్చి ఫోటో పంపమన్నాను. నా ఒంటరి బొమ్మ వెనక రెండో గడి అడవే. వచ్చే ఆదివారం పక్షాలు మార్చుకుంటున్నాము, నాకు గ్లైడర్లు.