ఉపవాసం నాడు తలంటా? (మత్తయి 6:17)

సండేస్కూల్ టీచర్: శ్రమల దినాలు (లెంట్, ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) కదా, పిల్లలతో మత్తయి 6వ అధ్యాయం చదివిస్తున్నా. "నీవు ఉపవాసము చేయునప్పుడు నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము" దగ్గర ఏడో తరగతి పిల్లాడు ఆగిపోయాడు. "తల అంటుకోవడమేంటి టీచర్, మంట అంటుకున్నట్టా?" అన్నాడు. నవ్వాపుకుని తలంటు అని చెప్పా. "ఓ, షాంపూనా!" అన్నాడు. అప్పుడు నాకూ అనుమానం వచ్చింది. ఇంగ్లీషు బైబిల్లో ఇక్కడ అనాయింట్ అని ఉంది. మనకి అది అభిషేకం కదా? పాత అనువాదకులు తలంటు దాకా ఎందుకు దిగారు?

రిటైర్డ్ తెలుగు మాస్టారు: దిగలేదమ్మా, ఉండాల్సిన చోటే ఉన్నారు. గ్రీకులో దీనికి రెండు క్రియలున్నాయి. దేవుడు ఒకరిని పనికి ఏర్పరచుకుంటే 'ఖ్రియో'. క్రీస్తు అన్న మాట అందులోంచే పుట్టింది. లూకా 4:18లో ఉన్నది అదే, మనవాళ్ళు అక్కడ "అభిషేకించెను" అనే రాశారు. ఇంట్లో నూనె రాసుకోవడం 'అలైఫో'. మత్తయి 6:17లోనూ, "నూనెతో నీవు నా తల అంటలేదు" అనే లూకా 7:46లోనూ అదే. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట సరిపెట్టారు, తెలుగులో విడదీశారు. 23వ కీర్తనలో "నూనెతో నా తల అంటియున్నావు" చూడండి. అక్కడి హీబ్రూ క్రియ కూడా రాజులకు చేసే అభిషేకానిది కాదు. విందుకొచ్చిన చుట్టానికి చేసే మర్యాద అది. మనకు అల్లుడు పండక్కొస్తే చేయమూ?

ఇంకో సభ్యుడు: ఒక అభ్యంతరం. తలంటు అంటే స్నానం కూడా. మూలంలో నూనె, ముఖం కడుక్కోవడం తప్ప స్నానం మాటే లేదు కదా.

మాస్టారు: మనం "తలంటి పోసుకోవడం" అంటాం. అంటడం ఒక పని, పోసుకోవడం ఇంకో పని. అంటు అంటే తాకించడం, పట్టించడం. అంటుకట్టడం, అంటురోగం, నిప్పంటుకోవడం అన్నీ ఆ గూటివే. కాబట్టి ఆ పిల్లాడి మంట కూడా మరీ దూరపు చుట్టం కాదు! కుంకుడుకాయ పోయి షాంపూ వచ్చాక నూనె జారిపోయింది, స్నానం మిగిలింది.

వరంగల్ నుంచి: మాస్టారూ, నాకు ఇంకో ముచ్చట తట్టింది. మా దిక్కు ఒక్కపొద్దు నాడు పొద్దుగాల తలమీద నీళ్ళు పోసుకుంటం గని, నూనె ముట్టనియ్యదు మా అత్త. ఏకాదశికైనా, శివరాత్రికైనా గంతే. నూనె పండుగ రోజుకే. మరి ఉపాసం రోజు తలంటుకో అంటే ఉల్టా చెప్పినట్టు లేదా?

మాస్టారు: భలే పట్టుకున్నావమ్మా, నాకు తట్టనే లేదు. ఉల్టా చెప్పడమే యేసు ఉద్దేశం. యూదులదీ మీ అత్తగారి పద్ధతే. దానియేలు మూడు వారాలు దుఃఖపడినప్పుడు మాంసం, ద్రాక్షారసంతో పాటు నూనె రాసుకోవడం కూడా మానేశాడు (10:3). యోమ్ కిప్పూర్ (యూదుల ప్రాయశ్చిత్త దినం) నాడు తిండి, నీళ్ళతో పాటు స్నానం, నూనె, చెప్పులు కూడా కూడదని వాళ్ళ పాత ధర్మసూత్రాల గ్రంథం మిష్నా చెబుతుంది. అలాంటి వాళ్ళతో "తల అంటుకో" అంటే, ఉపవాసం నాడు పండగలా తయారవమని. ఎవరికీ తెలియనివ్వకని. అభిషేకించుకో అని రాసుంటే ఈ తిరకాసు మనకు అందేది కాదు.

ఫిరంగిపురం నుంచి: మా ఆర్సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకు తపస్సుకాలం, అంటే మీ శ్రమల దినాలే, మొదలయ్యేది విభూది బుధవారంతో. పోయినేటి మట్టల ఆదివారం నాటి మట్టలు కాల్చిన బూడిద నుదుట పెట్టించుకుంటాం. ఆరోజు పూజలో చదివే సువార్త ఏదనుకున్నారు? ఇదే, ముఖము కడుగుకొనుము! నుదుటి మీద బూడిదతో వింటాం. చిన్నప్పుడు ఇంటికెళ్ళి కడుక్కోవాలో వద్దో తెలిసేది కాదు. ఇప్పటికీ తేల్చుకోలేదు :)

సండేస్కూల్ టీచర్: మాస్టారూ, ఇదంతా చదివాక వాట్సాప్‌లో పెట్టుకున్న "లెంట్ 9వ రోజు, ఉపవాసం" స్టేటస్ తీసేశా. సిగ్గేసింది. మా అమ్మ ఈ నలభై రోజులూ (ఆదివారాలు లెక్కలోకి రావు) బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసేది. అది ఎవరింటికి వెళ్ళేదో నాన్నకి కూడా తెలిసేది కాదు. నేనూ డబ్బా ఒకటి పెట్టా, ఇదీ ఇక్కడ చెప్పేశాను కాబట్టి లెక్కలోకి రాదేమో!

సండేస్కూల్ టీచర్ (వారం తర్వాత): మొన్న ఆదివారం ఆ పిల్లాడు కొబ్బరినూనె చెంపల మీదికి కారుతుండగా వచ్చాడు. "ఏరా, ఉపవాసమా?" అన్నా. "చెప్పకూడదు కదా టీచర్" అన్నాడు.