కిట్ కొని బిగించిన లాంగ్‌రైఫిల్‌ని ‘చేత్తో చేశాను’ అనొచ్చా?

లేహై_శ్రీను:
అందరికీ నమస్కారం. నేను పెన్సిల్వేనియాలో నజరెత్ దగ్గర ఉంటాను. మా పక్కనే జేకబ్స్‌బర్గ్‌లో లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది. అది చూసొచ్చినప్పటి నుంచి సొంతంగా ఒకటి చేయాలని మనసులో పడింది.

దీని సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1700లలో ఇక్కడ స్థిరపడిన జర్మన్ తుపాకి పనివాళ్లు తమ దేశపు పొట్టి వేట రైఫిల్‌ని పొడుగు సాగదీసి, గుండు సైజు తగ్గించి తయారుచేసిన రకం ఇది. గొట్టమే మూడున్నర అడుగులో, ఇంకా ఎక్కువో ఉంటుంది. మూతి నుంచి తుపాకిమందు పోసి, గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండుని దట్టించాలి. చెకుముకి రాయి కొడితే పేలుతుంది.

నా టెన్షన్ ఏమిటంటే, తెలిసినవాళ్లిద్దరు చెరోవైపు లాగుతున్నారు. ఒకాయన కిట్ కొనుక్కోమంటాడు. అందులో చెక్క అంతా సిఎన్‌సి మెషిన్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద కోసి వస్తుంది, గొట్టం, లాక్ (చెకుముకి రాయిని కొట్టి పేల్చే భాగం) అందులో ఇట్టే కూర్చుంటాయి, మనం సాపు చేసి, రంగు పట్టించి బిగించుకోవడమే. ఇంకొకాయనేమో అది చేయడమే కాదు, మేపుల్ దిమ్మ తెచ్చుకుని ఉలి పట్టు అంటాడు. మీరంతా ఏమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

ఉలి_సుత్తి:
మొహమాటం లేకుండానే చెప్తా. డబ్బాలో వచ్చిన మంచాన్ని నాలుగు స్క్రూలు బిగించి ‘మంచం నేనే చేశా’ అంటే ఇంట్లో పిల్లలు కూడా నవ్వుతారు. కిట్ రైఫిల్ అంతకంటే గొప్పదేం కాదు. కాస్త అవిసె నూనె రాసి ‘హ్యాండ్‌మేడ్’ అనడం మసి పూసి మారేడుకాయ చేయడమే.

దిమ్మతో మొదలుపెడితే ఏముంటుందో శ్రీను గారికి తెలియాలి. గొట్టం ఎనిమిది పలకలది. పైగా నేరుగా ఉండదు. మందు ఉండే వెనక వైపు లావు, నడుమ సన్నం, మూతి దగ్గర మళ్లీ కొంచెం లావు. ఆ ఒంపుకి సరిపోయేలా చెక్కలో కాలువ తవ్వాలి. గొట్టం అడుగున మసి పూసి చెక్కలో పెట్టి నొక్కితే, ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడ ఉలితో ఒక పొర గీకాలి. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం, మళ్లీ గీకడం. గొట్టానికీ చెక్కకీ మధ్య వెలుతురు కనబడనంత వరకు ఇదే పని. తర్వాత ఆ కాలువ కింద, గుండు దట్టించే కర్ర దూరడానికి పొడుగాటి బరమాతో రంధ్రం చేయాలి. బరమా కొంచెం పక్కకి పోయిందంటే పైకొచ్చి గొట్టం కాలువలో తేలుతుంది, లేదా కింద నుంచి బయటికి పొడుచుకొస్తుంది. ఇవన్నీ దాటినవాడికే ‘చేశాను’ అనే హక్కు.

ఒహాయో_పద్మజ:
ఉలి_సుత్తి గారూ, మసి పూసేది మీరేనండీ, కిట్ వాళ్లం కాదు 🙂

నేను కిట్‌తోనే మొదలుపెట్టాను, సిగ్గేం లేదు. మా ఒహాయోలోనే కిబ్లర్ వాళ్లు సిఎన్‌సి మీద కోసిన కిట్లు చేస్తారు. చాలామంది అలాంటివాటితోనే ఈ పనిలోకి వస్తున్నారు. మెషిన్ చేశాక మనకి మిగిలేది మీరనుకున్నంత తక్కువ కాదు. ఇనుప ముక్కలన్నిటినీ ఆకురాయితో సాపు చేయాలి. భుజానికి ఆనే మడమకి వేసే, పోతపోసిన ఇత్తడి పట్టీని గరుకంతా పోయేదాకా రాయాలి. అంచుల్ని పదునుగా నిలబెట్టాలి, ఇసుక కాగితంతో అరగదీసి గుండ్రం చేసేశామంటే పాతకాలపు కళ పోతుంది. ఇక రంగు. నైట్రిక్ యాసిడ్‌లో ఇనుము కరిగించిన ద్రావణాన్ని మేపుల్ మీద పూసినప్పుడు చెక్క వెలవెలబోతుంది, ‘పాడుచేశాన్రా దేవుడా’ అనిపిస్తుంది. వేడి గాలి తగలగానే ఎర్రమట్టి రంగు తిరిగి, చెక్క నారలోని పులిచారలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఏ మెషినూ చేయలేదు ఆ పని. (ఆరుబయట, గ్లవ్స్ వేసుకుని చేయండి, ఆ పొగ మంచిది కాదు.)

అసలు ప్రశ్న వేరే ఉంది. ఎంతమంది గ్యారేజీల్లో సగం చెక్కిన దిమ్మలు దుమ్ము కొట్టుకుంటున్నాయో చెప్పమంటారా? మొదటి రైఫిల్ పూర్తి కావాలి. పూర్తయితేనే రెండోదాని మీదకి మనసు పోతుంది.

కొలిమి_రాజు:
మీ ఇద్దరి గొడవ చూస్తే నవ్వొస్తోంది. ఇద్దరూ గొట్టం కొంటున్నారు, ఇద్దరూ లాక్ కొంటున్నారు. మరి ఎవరిది చేతిపని?

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ మ్యూజియంలో వాలెస్ గస్లర్ అనే తుపాకి పనివాడు 1960లలో అన్నీ చేత్తోనే చేసి చూపించాడు. దాని మీద 1969లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ చుట్టి, కొంచెం కొంచెంగా అతుకు వేసి గొట్టం చేశాడు. లోపల తొలిచాడు. చెక్కతో చేసిన పరికరం మీద గొట్టం లోపలి మెలికల గాడులు కోశాడు. లాక్‌లోని స్ప్రింగుల దగ్గర్నుంచి స్క్రూల దాకా ఆకురాయితో తీశాడు, ఇత్తడి పోత పోశాడు. చేత్తో చేయడమంటే అదీ. మిగతావన్నీ కొంచెం ఎక్కువ కిట్, కొంచెం తక్కువ కిట్.

ఉలి_సుత్తి:
రాజు అన్నా, అతుకు వేసిన గొట్టంలో ఎక్కడైనా లోపల అతుకని సందు మిగిలిందనుకో, అది పేలేది మన మొహం దగ్గరే. ఇప్పుడు దొరికే స్టీలు గొట్టం కొనుక్కోవడం బుద్ధిమంతుల పని. గస్లర్ రోజూ అదే పని చేసే మనిషి, పైగా మ్యూజియం ఉద్యోగం. శని ఆదివారాలు గ్యారేజీలో కూర్చునేవాడికి ఆ కొలత పెట్టకూడదు.

కొలిమి_రాజు:
చేయమని నేనెవరికీ చెప్పలేదు తమ్ముడూ. పేరు పెట్టుకునేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోండి అంటున్నా, అంతే.

పాత_కాగితాలు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. రాజు గారి కొలత తీసుకుంటే పాపం 1770లలో పెన్సిల్వేనియా పనివాళ్లలో చాలామంది కూడా ఫెయిలవుతారు.

బెర్క్స్ కౌంటీలో వయోమిసింగ్ వాగు పొడవునా నీటి చక్రాలతో నడిచే మిల్లులుండేవి. అక్కడ గొట్టాలు కొట్టి, తొలిచి అమ్మేవారు. లాంకాస్టర్, రెడింగ్ పనివాళ్లు చాలామంది గొట్టం అలాంటి చోట కొనుక్కున్నవాళ్లే. లాక్ సంగతి ఇంకా తేట. ఇంగ్లండ్ నుంచీ జర్మనీ నుంచీ పెట్టెలకొద్దీ దిగేవి. అమెరికా విప్లవ యుద్ధం అయ్యాక చేసిన రైఫిళ్లు తిప్పి చూడండి, లాక్ మీద బర్మింగ్‌హామ్ కెట్లాండ్ వాళ్ల ముద్ర ఎన్నిటి మీదో కనిపిస్తుంది. లాక్ ఇంగ్లండ్‌ది, గొట్టం వాగు ఒడ్డున మిల్లుది. ఐనా ఆ రైఫిల్‌ని ఎవరూ ‘బర్మింగ్‌హామ్ రైఫిల్’ అనలేదు. లాంకాస్టర్‌లో తుపాకి పనివాడు జేకబ్ డికర్ట్ పని అంటే డికర్ట్ పనే.

ఎందుకలా? ఈ చర్చకి ముడి అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయన కొనకుండా తనే చేసింది ఆకారం. మడమ ఎంత దిగాలి, చెయ్యి పట్టే నడుము ఎంత సన్నబడాలి, చెంప ఆనే చోటు ఎలా ఉబ్బాలి, గొట్టం వెంట చెక్క మూతి దాకా ఎంత పలచగా సాగాలి, పక్కన చెక్కిన తీగ ఎటు మెలి తిరగాలి. పాత రైఫిల్ మీద పేరు లేకపోయినా ఇది లాంకాస్టర్‌ది, ఇది ఇక్కడి పెన్సిల్వేనియా బెత్లెహాం వైపుది, ఇది వర్జీనియాది అని తెలిసినవాళ్లు ఆ ఆకారం చూసే చెప్తారు.

కాబట్టి గొట్టం, లాక్ కొనుక్కోవడం తప్పు కాకపోగా, పాత సంప్రదాయమే. సిఎన్‌సి కిట్ సరిగ్గా దానికి ఉల్టా. పాతవాళ్లు కొనుక్కున్నవాటిని మీరూ కొంటున్నారు, దాంతో పాటు వాళ్లు కొననిదాన్ని, ఆ ఆకారాన్ని కూడా కొంటున్నారు. పద్మజ గారి రైఫిల్ అందంగా ఉండే ఉంటుంది, సందేహం లేదు. కానీ ఆ ఒంపు గీసింది కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంకొకరు.

ఉలి_సుత్తి:
ఇదిగో, నేను చెప్పలేకపోయింది ఇదే.

ఒహాయో_పద్మజ:
పాత_కాగితాలు గారూ, మీ మాట కాదనలేను, పూర్తిగా ఒప్పుకోను కూడా. డికర్ట్ దగ్గర పనికి కుదిరిన కుర్రాడు మొదటిరోజే తన ఇష్టమొచ్చిన ఒంపు గీశాడా? గురువు గీసిచ్చిన అచ్చు ప్రకారం గీకి ఉంటాడు. ఏళ్ల తరబడి ఇంకొకరి ఆకారాన్నే చేత్తో తడిమితే కదా, సొంత చెయ్యి వచ్చేది. మాకు ఊళ్లో గురువు లేడు. బాగా తెలిసినవాడు గీసిన ఆకారాన్ని చేతుల్లో పట్టుకుని, నడుము దగ్గర వేళ్లు ఎలా కలుస్తున్నాయో రోజూ చూడటం నాకైతే చదువే. ఇప్పుడు దిమ్మ మీద పెన్సిల్ పెడితే నా చేతికి ఆ కొలత గుర్తుంది. బొమ్మలు మాత్రమే చూసి దిమ్మ మీద పడేవాళ్లు మామూలుగా చేసే తప్పేమిటి? చెక్క తీయడానికి భయపడి వదిలేస్తారు. లావుగా, రోకలిలా తయారవుతుంది. అది సొంత ఆకారమే, కాదనను. చూడటానికి మాత్రం బాగోదు.

కిట్‌ని చదువు అందాం. పరీక్ష దిమ్మ మీద రాద్దాం.

పాత_కాగితాలు:
ఆ కుర్రాడికీ కిట్‌కీ ఒక తేడా ఉందమ్మా. కుర్రాడు గీకేటప్పుడు ఉలి కిందకి పోతే ఏమవుతుందో చూస్తాడు. మేపుల్‌లో చారలున్నచోట నార పైకీ కిందకీ అలలు తిరుగుతుంది, ఒక వైపు నుంచి సాఫీగా వచ్చిన ఉలి అంగుళం దాటగానే పెచ్చు లేపేస్తుంది. కిట్‌లో ఆ యుద్ధం అయిపోయాక మీకు చెక్క ఇస్తారు. ఆకారం మీ చేతికి తెలుస్తుంది, చెక్క తెలియదు. ‘చదువు’ అన్నారు చూడండి, అంతవరకు మీతోనే ఉన్నా.

గచ్చిబౌలి_కుర్రోడు:
అన్నలూ, అక్కా, మధ్యలో దూరుతున్నా. ఇదంతా హైదరాబాద్‌లో చేసుకోవచ్చా? మా నాన్నకి వడ్రంగం బాగా వచ్చు.

కొలిమి_రాజు:
వద్దు బాబూ. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకి తయారుచేయడమే నేరం. మూతి నుంచి దట్టించేదైనా అంతే. ఊళ్లలో నాటు తుపాకులు పట్టుకున్నారని పేపర్లో వచ్చేవి ఆ కేసులే. అమెరికాలో పద్ధతి వేరు. 1968 తుపాకుల చట్టం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటినీ, తూటా పట్టకుండా నల్ల తుపాకిమందుతో మాత్రమే కాలే వాటి నకళ్లనూ ఫెడరల్ లెక్కలో తుపాకులుగా చూడదు. అందుకే ఇక్కడ హాబీగా నడుస్తోంది. అది కూడా ఫెడరల్ వరకే, రాష్ట్రాల రూల్స్ రాష్ట్రాలవి. వీసా మీద ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి కాకుండా లాయర్ని అడిగి దిగండి.

మీ నాన్నగారి చేతికి పని కావాలంటే ఈ రైఫిల్‌తో పాటు నడుముకి వేలాడే మందు కొమ్ము ఉంటుంది. ఎద్దు కొమ్ముని తొలిచి, చెక్క మూత పెట్టి, పైన బొమ్మలు గీకేవారు. మందు పోయకుండా అలంకారానికి చేసుకుంటే ఎవరూ అడగరు.

ఉలి_సుత్తి:
సరే, పద్మజ గారూ, ఒక్క విషయం తేల్చండి. కిట్ రైఫిల్ గొట్టం మీద మీ పేరు చెక్కుతారా?

ఒహాయో_పద్మజ:
చెక్కాను. పేరు, సంవత్సరం, కింద కిట్ ఎవరిదో కూడా.

పాత_కాగితాలు:
అది మాత్రం ఎవరైనా చేసి తీరాల్సిందే, దిమ్మతో చేసినవాళ్లు కూడా. శ్రీను గారి ఊరి పక్కనే క్రిస్టియన్ స్ప్రింగ్స్ అని మొరావియన్ల (ఒక క్రైస్తవ శాఖవాళ్ల) పల్లె ఉండేది. అక్కడి క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసిన ఒక రైఫిల్ 1971లో పెన్సిల్వేనియాలోనే వ్యాలీ ఫోర్జ్ పార్కులో దొంగతనం అయింది. దాదాపు యాభై ఏళ్లు జాడ లేదు. చివరికి పాత సామాను కొనే ఒక వ్యాపారి చేతికి 4,000 డాలర్లకు వచ్చింది. ఆయన మొదట ఈ కాలంలో ఎవరో చేసిన నకలు అనుకున్నాడట! 2019లో ఫిలడెల్ఫియాలోని అమెరికన్ రివల్యూషన్ మ్యూజియంలో పెట్టారు. అసలుని చూసి నకలు అనుకోవడం జరిగిందంటే, నకలుని చూసి అసలు అనుకోవడం ఎంత తేలికో ఆలోచించండి. కొందరు కొత్త రైఫిల్‌కి తుప్పు పట్టించి, గీతలు పెట్టి, పాతదిలా చేసి పేరు చెక్కకుండా వదిలేస్తారు. నా దృష్టిలో కిట్ కంటే పెద్ద తప్పు అది.

కొలిమి_రాజు:
దీనికి నేను కూడా సై.

లేహై_శ్రీను:
ఇంత మంది ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్సండి. నేను దిమ్మ వైపే మొగ్గుతున్నా, గొట్టం, లాక్ మాత్రం కొనుక్కుంటా. పద్మజ గారి రోకలి మాట భయపెట్టింది కాబట్టి మ్యూజియంలో ఒక రైఫిల్ కొలతలు తీసుకోనిస్తారేమో ముందు అడుగుతా. చెక్క ఆర్డర్ చేసేటప్పుడు ఏం చూడాలి? చారలు ఎక్కువున్నది తీసుకోవాలా?

ఒహాయో_పద్మజ:
మొదటిసారికి చారలు తక్కువున్నదే తీసుకోండి, పెచ్చులు తక్కువ లేస్తాయి. నడుము దగ్గర నార నేరుగా, వెనక్కి సాగేలా ఉందో లేదో ఫోటో అడిగి మరీ చూడండి. అక్కడ నార అడ్డంగా ఉంటే రైఫిల్ కింద పడినరోజు రెండు ముక్కలవుతుంది.

ఉలి_సుత్తి:
బాగా ఎండిన చెక్కే అడుగు శ్రీను గారూ. పచ్చిది పంపితే నువ్వు కాలువ తవ్వాక వంకర తిరుగుతుంది. మసి నా దగ్గర డబ్బాడు ఉంది, కావాలంటే పంపిస్తా.