పగడపు దిబ్బల కోసం సన్‌స్క్రీన్ రసాయనాలను నిషేధించాలా?

నీలికెరటం:
ఎండను అడ్డుకునే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని, అవి ఉన్న సన్‌స్క్రీన్లను డాక్టర్ రాసిస్తే తప్ప అమ్మకూడదని హవాయిలో 2018లో చట్టం చేశారు. 2021 జనవరి నుంచి అది అమల్లో ఉంది. పసిఫిక్ సముద్రంలోని పలావు దేశంలో అంతకు ఏడాది ముందే ఇంకా పెద్ద జాబితాతో నిషేధం అమల్లోకి వచ్చింది. పగడాలున్న ప్రతి తీరంలోనూ ఇలాంటి చట్టం రావాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఎండపొడ:
నేను కాదంటాను. పగడాలను చంపుతున్నది సముద్రపు వేడి. నీళ్లు మరీ వేడెక్కితే, తన ఒంట్లోనే ఉండి తనకు తిండి పెట్టే సూక్ష్మ నాచును పగడం వదిలేసుకుని తెల్లబడిపోతుంది. 2016లో ఆస్ట్రేలియా తీరంలోని పగడపు దిబ్బల వరుస గ్రేట్ బారియర్ రీఫ్‌లో అన్నిటికన్నా దెబ్బతిన్నది జనం పెద్దగా వెళ్లని ఉత్తర భాగమే. అక్కడికి సన్‌స్క్రీన్ పూసుకుని ఎవరు వెళ్లారు? పైగా ఈ నిషేధాలకు భయపడి జనం ఏమీ రాసుకోకుండా ఎండలో తిరిగితే చర్మ క్యాన్సర్ మాటేమిటి?

ల్యాబ్‌దీపం:
ఎండపొడ గారూ, వేడే మొదటి శత్రువు, అందులో వాదన లేదు. అయితే ఆ వేడి వల్లే ఆక్సీబెంజోన్ ఇంకా ప్రమాదకరం కావచ్చు. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పగడాలకు దగ్గరి బంధువైన సీ అనిమోన్ మీద చేసిన ప్రయోగం చూడండి. ఆక్సీబెంజోన్ ఒంట్లోకి చేరగానే ఆ జీవి దానికి ఒక చక్కెర అణువును తగిలిస్తుంది. మన చర్మం మీద ఎండను అడ్డుకునే పదార్థం, అలా మారాక ఎండ తగిలితే విషంలా పనిచేస్తుంది. లోపలున్న నాచు ఆ విషాన్ని చాలావరకు తనలో దాచుకుని జీవిని కాపాడుతుంది. నాచు లేనివి ముందుగా చచ్చిపోయాయి. అంటే వేడికి తెల్లబడిన పగడానికి ఆ రక్షణ కూడా ఉండదన్నమాట. ఈ ఒక్క విషయం చాలు, నేను నిషేధం వైపు నిలబడటానికి.

ఒక మాట మాత్రం చెప్పాలి. ప్రయోగంలో వాడిన మోతాదు చాలా ఎక్కువ. సముద్రంలో చాలాచోట్ల దొరికేది అందులో అతి చిన్న వంతు. జనం కిక్కిరిసే, నీరు సరిగా కదలని లోతులేని తీరాల్లోనే అది బాగా పెరుగుతుంది.

చర్మం సంగతికొస్తే, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రకాలు ఉన్నాయి, పొడుగు చేతుల ఈత దుస్తులు ఉన్నాయి. కానీ డబ్బా మీద ‘రీఫ్ సేఫ్’ (పగడపు దిబ్బలకు హాని లేదు) అని రాస్తే నమ్మేయకండి. అమెరికాలో ఆ మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనమే లేదు. వెనక రాసిన పదార్థాల జాబితా చదవాల్సిందే.

ఎండపొడ:
అలాంటి తీరాల వరకైతే నాకు అభ్యంతరం లేదు. థాయ్‌లాండ్ 2021లో తన జాతీయ పార్కుల్లో మాత్రమే నిషేధించింది. దేశమంతా అమ్మకాలు ఆపడం ఎందుకు?

నీలికెరటం:
ఎందుకంటే ఒంటికి రాసుకున్నది ఈతకొలనుకో స్నానాల గదికో వెళ్లినా కడుక్కుపోయి మురుగునీటిలో కలుస్తుంది. శుద్ధి చేశాక కూడా కొంత మిగిలి, చివరికి సముద్రంలోకే చేరుతుంది. పార్కు గేటు దగ్గర కాపలా పెడితే దాన్ని ఆపలేం కదండీ. అందుకే దుకాణం దగ్గరే ఆపాలంటున్నాను.