మేలైన చాక్లెట్‌ను కరిగించి మిఠాయిలు చేయడం సబబేనా?

చేదుముక్క:
ఒకే తోటలో పండిన కోకో గింజలతో చేసిన, 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ బార్ ఒకటి నాకు బహుమతిగా వచ్చింది. దాన్ని కరిగించి ట్రఫుల్స్ (క్రీమ్ కలిపిన మెత్తని చాక్లెట్ ఉండలు) చేద్దామని ఇంట్లోవాళ్లు అంటున్నారు, నేను అడ్డుపడుతున్నాను. ఇది పిసినారితనం కాదని ముందే మనవి చేస్తున్నాను. కోకో గింజలను కాయలోంచి తీసి, గుజ్జుతో పాటే కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, తగిన వేడిలో వేయించి, గంటల తరబడి నూరితే గానీ ఆ రుచి రాదు. ముక్క విరిస్తే టక్కుమని చప్పుడవుతుంది. కోకో బటర్, అంటే కోకో గింజలోని కొవ్వు, దాదాపు 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి, నమలకుండా నాలుక మీద ఉంచుకుంటే నోటి వేడికే మెల్లగా జారిపోతుంది. మొదట చేదు తెలుస్తుంది, కాసేపటికి ఎండుద్రాక్షను తలపించే పులుపు పైకి వస్తుంది, ముక్క పూర్తిగా కరిగిపోయాక కూడా పూల వాసన లాంటిదేదో నోట్లో నిలిచి ఉంటుంది. పొయ్యి మీద కరిగించి, క్రీమ్ పోసి, వెనిలా కలిపి, పైన కోకో పొడి అద్దితే వీటిలో ఏది మిగులుతుంది? మేలైన చాక్లెట్‌ను ముక్కగానే తినాలని, వంటకు మామూలు రకం చాలునని నా వాదన. కాదనేవారు కారణాలతో చెప్పగలరు.

గరిటె:
చేదుముక్క గారూ, ముక్కగా తినడమే చాక్లెట్‌కు అసలు రూపమన్నట్టు మీరు రాశారు. చరిత్ర చూస్తే అది నిలవదు. వేల ఏళ్ల పాటు మనుషులు దాన్ని ఎక్కువగా తాగారే తప్ప కొరికి తినడం అరుదు. తినే బార్‌ను ఇంగ్లండ్‌లో ఫ్రై సంస్థ 1847లో తయారుచేసింది, నాలుక మీద జారిపోయే నునుపు 1879లో రోడాల్ఫ్ లింట్ కాంచింగ్ యంత్రం తెచ్చాకే వచ్చింది.

ఇక వేడి సంగతి. ఆ కాంచింగ్‌లోనే చాక్లెట్‌ను గంటల కొద్దీ వేడి మీద కలియబెడతారు. అంత వేడిని తట్టుకుని మిగిలిన సువాసన, మనం వేడినీటి గిన్నె మీద 45 డిగ్రీల దాకా పది నిమిషాలు కరిగిస్తే ఆవిరైపోతుందని నేననుకోను. పోయేది మెరుపూ, విరిగేటప్పటి చప్పుడూ. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో ఐదో రకం కుదిరితేనే ఆ రెండూ ఉంటాయి. అందుకే టెంపరింగ్: డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల వరకు కరిగించి, కలుపుతూ 27 లేదా 28కి చల్లార్చి, మళ్లీ 31 లేదా 32కి తేవాలి. థర్మామీటరు ఒకటి ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

"మామూలు రకం చాలు" అన్న మాటనైతే అసలు ఒప్పుకోను. ఆ పేరుతో చాలామంది కొనేది కాంపౌండ్, అంటే కోకో బటర్‌కు బదులు వేరే వనస్పతి కొవ్వు కలిపినది. టెంపరింగ్ బాధ లేదు, నిజమే. కానీ ఆ కొవ్వు చాలా రకాల్లో నోట్లో తేలికగా కరగక, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. రుచి తెలిసినవారు చేయించుకోవలసిన ట్రఫుల్ అదేనా?

తడిచెంచా:
సిద్ధాంతం మీద నాకు పట్టు లేదు గానీ, చేదుముక్క గారి భయం నాకు అర్థమవుతుంది. తుడవని చెంచాతో కలిపినందుకు ఒక మంచి బార్ మొత్తం నా కళ్ల ముందే మడ్డిలా బిగుసుకుపోయింది (నా పేరు అలా వచ్చిందే). రెండు చుక్కల నీటికే చక్కెర తడిసి ముద్దకట్టేస్తుందట. చిత్రమేమిటంటే, ఇంకొంచెం వేడినీరు కొద్దికొద్దిగా పోసి కలిపితే అదే మళ్లీ నునుపైన సాస్ అయింది.

కోకోగింజ:
తడిచెంచా గారికి జరిగిన ప్రమాదంలోనే ఈ వాదానికి జవాబు ఉందని నాకు తోస్తోంది. ట్రఫుల్స్‌కు వాడే గనాష్‌ను, అంటే చాక్లెట్‌లో వేడి క్రీమ్ కలిపి చేసే మెత్తని ముద్దను, క్రీమ్ బదులు ఉత్త నీటితోనూ చేయవచ్చు. నేను ఒకే 100 గ్రాముల బార్‌ను రెండుగా చేసి, ఒక సగాన్ని 50 గ్రాముల వేడి క్రీమ్‌తో, మరో సగాన్ని 30 గ్రాముల వేడినీటితో కలిపి చూశాను. నీరు మొదట బెదిరించింది, చాక్లెట్ గరుకుగా విడిపోయినట్టు కనిపించింది. మధ్యలోంచి చిన్న వలయాలుగా కలుపుతూ పోతే నల్లగా, అద్దంలా తేరింది. రెండూ చల్లారాక తింటే, క్రీమ్ కలిపినది మెత్తగా హాయిగా ఉంది గానీ బార్‌లోని పులుపు దాదాపు తెలియనే లేదు. నీటితో చేసినదానిలో ఆ పులుపు ముక్కలో కంటే ముందే, ఇంకా స్పష్టంగా తగిలింది. పాల కొవ్వు, పాల ప్రోటీన్లు చేదునూ పులుపునూ మెత్తబరుస్తాయి. కాబట్టి దోషం కరిగించడంలో లేదు, తోడు చేర్చినదానిలో ఉంది.

ఒక్క హెచ్చరిక: 70 శాతం అన్న అంకెలో కోకో పదార్థమూ, విడిగా కలిపిన కోకో బటరూ రెండూ చేరి ఉంటాయి. అందువల్ల ఒకే అంకె ఉన్న రెండు బార్లు ఒకే కొలతకు ఒకేలా గట్టిపడవు.

గనాష్ వద్దనుకుంటే, టెంపర్ చేసిన చాక్లెట్‌ను చెంచాతో చిన్న బిళ్లలుగా పోసి, అది బిగిసేలోగా వేయించిన బాదం పలుకు ఒకటీ, ఉప్పు రెండు రవ్వలూ పెట్టండి. ఇందులో చాక్లెట్‌ను కప్పేసేది ఏదీ లేదు.

చేదుముక్క:
వేడి విషయంలో గరిటె గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను. నేను క్రీమ్ చేసిన తప్పును పొయ్యి మీద వేశాను. కాంపౌండ్ గురించి కూడా నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నీటి గనాష్‌లో పులుపు ముందే తగిలిందన్న మాటే నా అభ్యంతరం ఇంకా మిగిలి ఉందని చెబుతోంది. ముక్కలో ఒకదాని వెంట ఒకటిగా విప్పుకునే రుచులు ముందే కరిగి ఉన్నదానిలో ఒక్కసారిగా మీద పడతాయి, ఆ వరుసను టెంపరింగ్ చేసిన బిళ్ల తప్ప మరేదీ తిరిగి ఇవ్వలేదు. సగం బార్‌తో కోకోగింజ గారి బిళ్లలు చేస్తున్నాను. రెండో సగం అల్మరాలో పై అరన ఉంది, ఎవరికీ చెప్పలేదు.