రైతు వేదికలో నా మాట ఎవరూ నమ్మడం లేదు, ఏం చేయాలి?

కొత్త ఏఈఓ:
వ్యవసాయ విస్తరణ అధికారిగా (ఏఈఓ) ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. పత్తిలో గులాబీ రంగు పురుగు మీద రైతు వేదికలో ఇప్పటికి రెండు మీటింగులు పెట్టాను. స్లైడ్లు బాగానే చేసుకున్నా. కాలేజీలో వక్తృత్వానికి బహుమతులు కూడా వచ్చాయి. ఇక్కడ మాత్రం పది నిమిషాలకే వెనక వరుసవాళ్లు బీడీలకు లేస్తున్నారు. చివరికి మందుల షాపాయన చెప్పిందే కొడుతున్నారు. ఆయనకేమో నాలుగు మాటలు కూడా సరిగ్గా రావు! నా దగ్గర ఏం తక్కువైంది?

పత్తి రైతు, జనగామ:
తమ్మీ, షాపాయన మాటకారి కాదు, నిజమే. కానీ ఉద్దెర ఇస్తడు. మా పంట పోతే ఆయన పైసలు గూడ మునుగుతయ్, అందుకే ఇంటం. నీ మాట తప్పైతే నీకేం పోతది? బీడీకి లేసినోని మనసుల ఉన్నది ఇదే, పైకి అడగడు.

ఓసారి మా ఊరికి పెద్దసారొచ్చిండు. వేదిక మీదున్నోళ్ల పేర్లు చదవనీకే పావుగంట. తర్వాత 'ఆర్థిక నష్ట పరిమితి' అన్నడు. నా పక్కనోడు 'ఇది బ్యాంకు లోను సంగతా?' అని చెవుల అడిగిండు. నాకూ ఎర్క లేదు, తలూపిన.

తర్వాతేడు నీ వయసు పిల్లగాడొచ్చిండు. మైకు ముట్టలే. చేన్లకు తీస్కపోయి ఇరవై పచ్చికాయలు మమ్ములనే తెంపమన్నడు. ఆయన తెంపితే పుచ్చినయే ఏరుకొచ్చిండంటం గదా. చాకుతోటి ఒక్కొక్కటి చీల్చి మా చేతుల పెట్టిండు. పైకి నిగనిగలాడే కాయ, లోపల గింజను తొలుచుకుంట పురుగు. ఇరవైల నాలుగు కాయలు గట్లనే ఉన్నయ్. 'ఇరవైల రెండుకొస్తే మందు కొట్టాలె, రాకపోతే పైసలు జేబుల పెట్టుకోండి' అన్నడు. పెద్దసారు చెప్పిన పరిమితి ఇదేనట!

ఇంకో మాట గూడ అన్నడు. 'పోయినేడు పక్కూర్ల గుడ్డి పూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) కనబడ్డంక గూడ నేను ఆలస్యంగ చెప్పిన, రెండు చేన్లు దెబ్బతిన్నయ్. ఈసారి లింగాకర్షక బుట్టలు, అంటే వాసనతోటి మగ రెక్కల పురుగులను పట్టేటివి, ముందే పెట్టిస్తున్న. వరుసగ మూడు రాత్రులు, రాత్రికి బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే నాకు ఫోన్ కొట్టండి' అన్నడు. గప్పుడు అందరం ఫోన్లు తీసి నంబరు ఎక్కించుకున్నం.

నెల్లూరు టీచర్:
పై అన్న మాటకు ఒకటి కలుపుతాను. మా జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ రోసమ్మ గానీ, ఆమె వెంట నడిచిన ఆడవాళ్లు గానీ ఉపన్యాసాలు నేర్చినవాళ్లు కాదు. రాత్రిబడిలో మొదలైన మాటలవి. తెచ్చిన కూలి ఎక్కడికి పోతోందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది.

అయితే గొంతు అక్కర్లేదంటే మాత్రం నేనొప్పుకోను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. చివరి బెంచీకి వినపడకపోతే నిజం చెప్పినా దండగే. చేలో అయితే గాలివాలు చూసుకుని నిలబడండి.

కొత్త ఏఈఓ:
నిన్న స్లైడ్లు మానేసి చేలోకే వెళ్లాం. పద్నాలుగు మందే వచ్చారు. కాయలు వాళ్లే కోశారు. భయపెట్టేంత పురుగు కనపడాలని లోలోపల కోరుకున్నాను, సిగ్గేసింది కూడా. ఇరవైలో ఒక్కటే పుచ్చింది. 'ఇప్పుడే మందు వద్దు' అన్నాను. ఒక పెద్దాయన నా మొహంలోకి చూసి, 'ఏం కొనమనవా అయితే?' అన్నాడు. బుట్టలు తప్ప ఏం వద్దన్నాను. వచ్చే వారం మళ్లీ కోద్దామన్నారు. నా చాకు మొద్దుగా ఉందట, వాళ్లే తెస్తామన్నారు.