కాజీపేట–సికింద్రాబాద్ రద్దీకి రెండంతస్తుల వేగవంతమైన రైలు పరిష్కారమా?

హన్మకొండ ఉద్యోగి:
నేను పన్నెండేళ్లుగా సీజన్ టికెట్ మీద కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు రోజూ వెళ్లి వస్తున్నాను. జనగామ వచ్చేసరికి కాలు మోపే చోటుండదు. భువనగిరిలో ఎక్కేవారు తలుపు దగ్గర వేలాడవలసి వస్తోంది. 1981లో మొదలైన పారిస్–లియాన్ మార్గంలో రద్దీ పెరిగి, మరిన్ని రైళ్లు నడపడం కష్టమైనప్పుడు ఫ్రాన్స్ 1996లో టీజీవీ డ్యూప్లెక్స్ అనే రెండంతస్తుల అతివేగ రైలును ప్రవేశపెట్టి, ఒక్కో రైలులో ఐదు వందలకు పైగా సీట్లు కల్పించింది. మన దారిలోనూ అటువంటిది ఎందుకు కోరకూడదు?

జనగామ వాసి:
సీట్లు పెరుగుతాయన్నది నిజమే కానీ, తలుపులు పెరగవు కదండీ. లోపల ఇరుకు మెట్లు ఎక్కి దిగాలి. మా స్టేషన్‌లో రెండు నిమిషాలు ఆగే రైలులో పైఅంతస్తు వారు దిగకముందే ప్లాట్‌ఫాం మీది వారు ఎక్కబోతే, రైలు కదిలేలోపు సగం మంది ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోతారు.

కాజీపేట విశ్రాంత రైల్వే ఉద్యోగి:
జనగామ వారి మాటలో బలముంది. ప్రతి స్టేషన్‌లో ఆగే రైలుకు ఇది పనికిరాదు. రెండు మూడు చోట్ల మాత్రమే ఆగే రైలుకైతే తగును. జపాన్‌లో 1997లో వచ్చిన ఈ4 షింకాన్‌సెన్ అనే రెండంతస్తుల బుల్లెట్ రైలు, రెండు రైళ్లు కలిపి పదహారు పెట్టెలుగా నడిచినప్పుడు 1,634 మందిని కూర్చోబెట్టేది, టోక్యోకు దూరం నుంచి వచ్చే ఉద్యోగులకు అది పెద్ద ఆసరా. అయితే దాని గరిష్ఠ వేగం గంటకు 240 కిలోమీటర్లే కావడంతో అదే పట్టాల మీద వేగంగా వెళ్లే కొత్త రైళ్లతో పొత్తు కుదరలేదు, 2021లో దానిని విరమించారు. రెండో అంతస్తుతో బరువు కూడా పెరుగుతుంది. పట్టాల మీద ఒక్కో ఇరుసు మోపే బరువు 17 టన్నులు మించకూడదు కనుకనే ఫ్రెంచి వారు డ్యూప్లెక్స్ పెట్టెలను అల్యూమినియంతో చేశారు.

పెద్దపల్లి ఉపాధ్యాయురాలు:
2014లో కాచిగూడ–గుంటూరు రెండంతస్తుల రైలులో ఒకసారి ప్రయాణించాను. కింది అంతస్తులో కూర్చుంటే కిటికీ ప్లాట్‌ఫాం ఎత్తులోనే ఉండి, నడిచేవారి చెప్పులే కనిపించాయి. సంచి పెట్టుకునే చోటు కూడా తక్కువే. అందరూ మరచిపోతున్న విషయం మరొకటుంది: అది రిజర్వేషన్ చేసుకోవలసిన ఏసీ చైర్‌కార్ రైలు. ఒక పెట్టెలో మామూలు చైర్‌కార్‌లో 78 మంది ఉంటే అందులో 120 మంది పట్టారు, కానీ ఆ 120 సీట్లలో సీజన్ టికెట్ ఉన్నవారికి ఒక్కటీ దక్కేది కాదు.

హన్మకొండ ఉద్యోగి:
అమ్మా, మీరు చెప్పిన విషయం నాకు తట్టనే లేదు. సూరత్–ముంబయి ఫ్లయింగ్ రాణి రైలుకు 1979 నుంచి ఏసీ లేని రెండంతస్తుల పెట్టెలు ఉండేవని, సీజన్ టికెట్ వారు వాటిలోనే వెళ్లేవారని విన్నాను. కనుక నా కోరికను మార్చుకుంటున్నాను: వేగం గంటకు 130 దాటకపోయినా ఫరవాలేదు, కాజీపేటలో బయలుదేరి జనగామ, భువనగిరిలో మాత్రమే ఆగే, సీజన్ టికెట్ చెల్లే, ఏసీ లేని రెండంతస్తుల పెట్టెలున్న రైలు కావాలి. ఆ రెండు చోట్ల నాలుగేసి నిమిషాలు ఆపితే జనగామ వారికి సరిపోతుందా?

జనగామ వాసి:
ఎక్కే తలుపు, దిగే తలుపు వేర్వేరుగా ఉంటే సరిపోతుంది. రైల్వేకు ఇచ్చే వినతిపత్రంలో ఆ మాట తప్పక రాయండి, నేనూ సంతకం చేస్తాను.