ఇరవై ఏళ్లలో ఇంతమంది ఇస్లాంలోకి ఎలా మారారు?

గోదారిగట్టు:
ముహమ్మద్ ప్రవక్త 632లో మరణించారు. 651 నాటికి సిరియా, ఈజిప్టు, ఇరాన్‌లో చాలా భాగం అరబ్బుల పాలనలోకి వెళ్లాయి. ఇంత తక్కువ కాలంలో అంతమంది మతం మారడానికి కారణం ఏమిటి? మా కోచింగ్ నోట్సులో ‘సమానత్వం, జిహాద్, శత్రువుల బలహీనత’ అని మూడు ముక్కల్లో తేల్చేశారు.

పాతనాణెం:
ఆ ఇరవై ఏళ్లలో వ్యాపించింది రాజ్యమండీ, మతం కాదు. డిగ్రీ పిల్లలకు చాలాకాలం చరిత్ర చెప్పాను, ఏటా సగం తరగతి ఇక్కడే తడబడేది.

రాజ్యం సంగతి తేలికే. 602 నుంచి 628 దాకా బైజాంటైన్లు (సిరియా, ఈజిప్టులను ఏలిన తూర్పు రోమన్లు), ఇరాన్‌ను ఏలిన పారసీకులు కొట్టుకుని ఇద్దరూ ఖజానాలు ఊడ్చేసుకున్నారు. పారసీకుల నుంచి సిరియా తిరిగి బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్ చేతికి వచ్చి పట్టుమని పదేళ్లు కాకముందే, 636లో యర్ముక్ దగ్గర అరబ్బులు అతని సైన్యాన్ని చిత్తు చేశారు. అటు పారసీక చక్రవర్తి ఖుస్రో ఇంకా ఘనుడు. తన తరఫున ఎడారి సరిహద్దును కాసే లఖ్మిద్ వంశపు అరబ్బు రాజు నూమాన్‌ను తానే చంపించాడు. చేను కంచెను చేజేతులా పీకేసుకోవడమే ఇది. 628లో సొంత కొడుకే ఖుస్రో ప్రాణం తీయించాడు. ఆ తర్వాత నాలుగైదేళ్లకే, ముహమ్మద్ తర్వాత మొదటి ఖలీఫాగా పాలించిన అబూబకర్ అరేబియా తెగలన్నిటినీ ఒక్క జెండా కిందికి తెచ్చాడు.

ఇక మతం. 643 నాటి పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) రసీదు ఒకటి వియన్నాలో ఉంది. ఈజిప్టులోని హెరాక్లియోపోలిస్‌లో అబ్దుల్లా అనే అరబ్బు సేనాని తన ఓడల సిబ్బందికీ, గుర్రపు దళానికీ, కాల్బలానికీ కోతకు అరవై అయిదు గొర్రెలు పుచ్చుకుని రాయించి ఇచ్చిన చీటీ. గ్రీకులోనూ అరబిక్‌లోనూ ఉంది. గొర్రెలు సమకూర్చినవాళ్ల పేర్లు క్రిస్టోఫోరోస్, థియోడొరాకియోస్. అంటే పాలకుడు మారాడు, ఊళ్లో అధికారులు మాత్రం పాత క్రైస్తవులే. అరబ్బు సైన్యాలు ఫుస్తాత్, కూఫా, బస్రా వంటి కొత్త శిబిర నగరాల్లో వేరుగా ఉండేవి. రైతు పన్ను కడితే చాలు, అతని దేవుడి జోలికి పోవాల్సిన అవసరం వాళ్లకు లేదు.

మధ్యాహ్నపు_నీడ:
ఈజిప్టు కాప్టులు (అక్కడి స్థానిక క్రైస్తవులు) అరబ్బులకు స్వాగతం పలికారని చదివాను. నిజమేనా?

పాతనాణెం:
సగమే నిజం. బైజాంటైన్ అధికారులకు భయపడి అజ్ఞాతంలో ఉన్న కాప్టు మతగురువు బెంజమిన్‌ను, ఈజిప్టును గెలిచిన అరబ్బు సేనాని అమ్ర్ తిరిగి రానిచ్చిన మాట వాస్తవం. అయితే అదే శతాబ్దంలో నికియు బిషప్ జాన్ రాసిన చరిత్ర కూడా చూడండి. ఆయన కాప్టు క్రైస్తవుడే. తన పట్టణంలో అరబ్బు సైనికులు ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదలకుండా నరికారని రాశాడు. పూలదండల కథ చెప్పేవాళ్లు ఆ పుట తిప్పరు.

గోదారిగట్టు:
అయితే మార్పిడి ఎప్పుడు జరిగినట్టు? ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను తప్పించుకోవడానికేనా?

పాతనాణెం:
జిజియా ఒక కారణమే, కానీ మారినంత మాత్రాన అది తప్పేది కాదు. ఇరాక్ గవర్నరు హజ్జాజ్, ఇస్లాం పుచ్చుకుని పట్నాలకు చేరిన రైతులను పట్టించి ఊళ్లకు తిరగ్గొట్టాడు, జిజియా కూడా మళ్లీ వేశాడు. ముస్లింలైనవారి నుంచి జిజియా వసూలు చేయవద్దని రెండో ఉమర్ ఖలీఫా ఆదేశించింది 717 తర్వాతే. ఇరాన్‌లో ముస్లింలు మెజారిటీ కావడానికి మరో నూరేళ్లకు పైనే పట్టింది. ఈజిప్టులో అయితే ఇంకా ఆలస్యం.